మీసం ఉన్నవాడు సముద్రంలో ముఖం పెడితే

బావా,

పంపిన ఫొటోలన్నీ చూసి ‘నీళ్లు నీలంగా ఉన్నాయి, మా చెల్లెలు నల్లబడింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. రెండూ నిజమే. అంతటితో నేను ఊరుకుంటానని మాత్రం ఎలా అనుకున్నావు? ఇవాళ ఆదివారం. ఇక్కడ ఫ్రాన్సులో, మా లియాన్‌లో పొద్దుటి నుంచి ముసురు. పిల్లవాడు నిద్రపోయాడు, నాకు వేరే పని లేదు. కాబట్టి నువ్వూ తీరిక చేసుకుని చదువు.

మేము వెళ్లిన చోటు పేరు గ్వాడెలూప్. కరీబియన్ సముద్రంలో ఉన్నా అది ఫ్రాన్సే. 1946 నుంచి ఆ దేశపు జిల్లాల్లో ఒకటి. పారిస్‌లో విమానమెక్కి ఎనిమిది గంటలకు పైగా అట్లాంటిక్ మీద ఎగిరి దిగితే, చేతిలో అదే యూరో, వీధి మలుపులో అదే పసుపు రంగు తపాలా డబ్బా, పొద్దున్నే అదే రొట్టెల దుకాణం. మిగతావన్నీ వేరు. కొబ్బరిచెట్లు, చెరకు తోటలు, ఒంటికి అంటుకునే ఉక్కపోత. పడమటి సగంలో 1,467 మీటర్ల అగ్నిపర్వతం ఉంది, ఎప్పుడు చూసినా నెత్తిన మబ్బే. తూర్పు సగం సున్నపురాయి నేల, చదును. ఆ చదును నేల కొసన ఉన్న సాం ఫ్రాన్స్వా రేవులో ఎక్కాం మా కాటమరాన్.

మేము వెళ్లాల్సింది పెతీత్ తేర్ అనే జంట దీవులకు. గ్వాడెలూప్ తూర్పు కొస నుంచి సుమారు 10 కిలోమీటర్లు. దగ్గరే కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

కాటమరాన్ అంటే పక్కపక్కన రెండు సన్నటి పొట్టలు, వాటిని కలుపుతూ పైన విశాలమైన అరుగు. ముందు భాగంలో రెండు పొట్టల మధ్య గట్టి వల బిగించి ఉంటుంది. ఆ వల మీద వెల్లకిలా పడుకుని ఫొటో దిగాలని అందరికీ ఆశ. రేవులో ఉండగానే చోటు కోసం పోటీ పడ్డారు. సరంగు ఎవరినీ వారించలేదు, చిన్నగా నవ్వుకుంటూ తాళ్లు విప్పాడు. ఆ సముద్రంలో ఏడాది పొడవునా తూర్పు నుంచి గాలి వీస్తూనే ఉంటుంది. మేము వెళ్లేది సరిగ్గా ఆ గాలికి ఎదురుగా. ప్వాంత్ దే షాతో అనే రాతి కొమ్ము దాటేదాకా తీరం చాటున్నంతసేపూ హాయి. అది దాటగానే అట్లాంటిక్ అలలు అడ్డూ ఆపూ లేకుండా వచ్చి పడ్డాయి. వల కింద నుంచి ఒక అల లేచి, ఫొటోలకు పడుకున్న వాళ్లందరినీ ఒకేసారి తడిపేసింది. ఆ తర్వాత వల ఖాళీ.

తెరచాప ఊసే లేదు, పోయేటప్పుడంతా ఇంజనే. పావుగంటలో కొందరి ముఖాలు పాలిపోయాయి. వికారంగా ఉన్నవాళ్లు లోపలి గదిలోకి పోవద్దనీ, వెనక కూర్చుని దిగంతం వైపే చూడమనీ పడవ కుర్రాడు చెప్పాడు. మీ చెల్లెలు సంచిలోంచి అల్లం మొరబ్బా తీసి పక్కనున్న పారిస్ దంపతులకు పెట్టింది. ఆ పారిస్ ఆవిడ మొదట అనుమానంగా చూసింది, తర్వాత రెండోసారి అడిగి తీసుకుంది. మొరబ్బా పని చేసిందో దిగంతం పని చేసిందో గానీ, మా వరుసలో ఎవరూ పడవ అంచు మీదికి వంగలేదు.

దీవుల దగ్గరికి వచ్చాక అసలు ఘట్టం. తేర్ ద బా, తేర్ ద ఓ అని రెండు దీవులు ఎదురెదురుగా ఉంటాయి, వాటి మధ్యే లాగూన్, అంటే సముద్రపు నీటి మడుగు. లోపలికి పోయే దారి లోతు తక్కువ, దాని మీద అలలు విరిగి పడుతుంటాయి. సరంగు వేగం తగ్గించి, వెనక్కి చూస్తూ అలలను లెక్కపెట్టుకున్నాడు. ఒకటి పోనిచ్చాడు, ఇంకొకటి పోనిచ్చాడు. మూడోదాని వీపు మీద పడవను లోపలికి జారవిడిచాడు. గోదావరిలో వరద రోజున పంటు నడిపే వాళ్లను చూసినవాళ్లం మనం, పనితనం చూస్తే గుర్తుపట్టగలం. ఆ మనిషికి అక్కడే దండం పెట్టాను.

లోపల నీళ్లు కుదురుగా ఉన్నాయి. తూర్పున పగడపు దిబ్బ అడ్డంగా ఉండి సముద్రాన్ని ఆపుతుంది. లంగరు వేయడం నిషేధం. ముందే అమర్చిన, నీళ్ల మీద తేలే బోయాలకు పడవ కట్టాలి, లేకపోతే లంగరు గొలుసు ఈడ్చుకుపోయి అడుగున ఉన్న సముద్రపు గడ్డినీ పగడాలనూ దున్నేస్తుంది. 1998లో ఈ దీవులనూ చుట్టూ సముద్రాన్నీ కలిపి అభయారణ్యంగా ప్రకటించారు. మొత్తం 990 హెక్టార్లలో నేల 148 మాత్రమే, మిగతాదంతా నీళ్లు. మనుషులెవరూ కాపురముండరు. 1840లో కట్టిన లైట్‌హౌస్ ఒకటి ఉంది, దాని ఆఖరి కాపలాదారు 1972లో వెళ్లిపోయాడు. తేర్ ద ఓ మీద ఎవరూ కాలు పెట్టకూడదు. తేర్ ద బా మీద దిగవచ్చు గానీ గవ్వ కూడా ఏరుకోకూడదు. దుకాణం లేదు, కూల్ డ్రింకు లేదు, గొడుగుల అద్దె లేదు. ఫ్రాన్సు కాగితాల గోల మీద నేను నీకు ఎన్ని పురాణాలు చెప్పానో నాకు గుర్తే, ఈ ఒక్క విషయంలో మాత్రం వాళ్ల పట్టుదల నాకు నచ్చింది.

ఇక స్నోర్కెలింగ్. కాలువలో ఈత నేర్చిన వాడికి ఇదేం లెక్క అని నీకు అనిపిస్తుంది. ఈతతో దీనికి పెద్ద పని లేదు బావా. నీళ్లలో ముఖం పెట్టి, నోట్లో పెట్టుకున్న గొట్టంతో గాలి పీలుస్తూ, కదలకుండా తేలాలి. కాలువలో మనం నేర్చుకున్నదంతా దీనికి తలకిందులు. అక్కడ ముఖం మునగగానే ఊపిరి బిగబట్టడం అలవాటు. ఇక్కడ ముఖం మునిగాకే నిదానంగా ఊపిరి తీయాలి. ఒళ్లు ఒప్పుకోదు. మెదడు ‘గొట్టం ఉందిరా’ అంటున్నా ఛాతీ బిగుసుకుపోతుంది.

దానికి తోడు నా మీసం. కళ్లకూ ముక్కుకూ పెట్టుకునే మాస్కు అంచు చర్మానికి అతుక్కుంటేనే నీళ్లు లోపలికి రావు. పై పెదవి మీద వెంట్రుకలుంటే ఆ సందులోంచి ఉప్పునీరు సన్నగా కారి ముక్కు దగ్గర చేరుతుంది. నేను తల ఎత్తడం, దగ్గడం, మాస్కు దులపడం, మళ్లీ ముఖం పెట్టడం. పిల్లవాడు అప్పటికే లైఫ్ జాకెట్ తొడుక్కుని చేపలను పేరుపేరునా పలకరిస్తున్నాడు. చివరికి పడవ కుర్రాడు వాజిలిన్ డబ్బా తెచ్చి, నా మీసానికి రెండు వేళ్లతో దట్టంగా పట్టించాడు. మాస్కును పైకి జరిపి, అంచు కింద చిక్కుకున్న వెంట్రుకలను వేలితో బయటికి లాగి, పట్టీ కాస్త వదులు చేశాడు. గట్టిగా బిగిస్తే ఇంకా కారుతుందట. నీళ్లు ఆగిపోయాయి. మీ చెల్లెలు మాత్రం ‘ఇరవై ఏళ్లుగా తీసెయ్యమంటున్నాను’ అని నీళ్లలో నుంచే అంది.

అప్పుడు కనబడింది అడుగు. తెల్లటి ఇసుక మీద గడ్డి దుబ్బులు, ఆ గడ్డిలో పళ్లెమంత తాబేలు. నేను దాని మీదుగా తేలుతుంటే అది తల కూడా ఎత్తలేదు. కాలువ గట్టున గేదె మేసినట్టే, ఒక దుబ్బు పట్టుకోవడం, తలను పక్కకు తిప్పి తెంపడం, నమలడం, రెండడుగులు జరగడం. నోటి పక్క నుంచి తుంపులు తేలిపోతున్నాయి. కాసేపటికి ఊపిరి కోసం పైకి వచ్చింది, నా మాస్కుకు బారెడు దూరంలో ముక్కు బయటపెట్టి, బుస్సుమని గాలి వదిలి, మళ్లీ కిందికి పోయింది. నన్ను ఒక కొయ్యదుంగ అనుకుని ఉంటుంది. ఎవరూ నన్ను అంతగా పట్టించుకోకపోవడం ఈ మధ్యకాలంలో అదే మొదలు. భలే హాయిగా ఉంది.

పగడాల దగ్గర చిలుక చేపల సందడి. అవి ముక్కుతో పగడపు రాతిని గీకుతుంటే ఆ చప్పుడు చెవికి స్పష్టంగా వినబడుతుంది, కటకటమని. రాతిని నాచుతో సహా మింగి, వెనక నుంచి పొడిగా వదులుతాయి. ఆ దీవుల తెల్లటి ఇసుకలో కొంత భాగం వాటి చలవే. మా వాడికి ఇది చెప్పాక ఇసుకలో గూళ్లు కట్టడం మానేశాడు. పగడాలన్నీ రంగులమయం అనుకోకు. కొన్నిచోట్ల గోధుమరంగు రాళ్లే, మీద నాచు. టీవీలో చూపించినట్టు ఉండదు. వేడెక్కిన సముద్రానికి పగడం ఎంత నలిగిపోయిందో కళ్లారా చూడవచ్చు.

ఇంక నీకు చెప్పాలని ఆగలేకపోతున్నది సొరచేపల సంగతి. ఒడ్డున మోకాలి లోతు కూడా లేని నీళ్లలో, మా కాళ్ల పక్కనుంచి, మూరెడు పొడవున్న పిల్ల సొరలు పోతున్నాయి. లెమన్ షార్క్ అంటారు, లేత పసుపు కలిసిన గోధుమరంగు, వీపు మీద రెండు రెక్కలూ దాదాపు ఒకే ఎత్తు. తల్లులు ఇలాంటి లోతులేని నీళ్లలో ఈని వెళ్లిపోతాయి. పిల్లలు పెద్ద చేపలకు చిక్కకుండా ఆ అంచుల్లోనే తిరుగుతూ పెరుగుతాయి. ‘సొర!’ అని నేను కేక వేయబోతే పక్కనున్న ముసలాయన నోటి మీద వేలు పెట్టుకున్నాడు. అలా మడమల లోతు నీళ్లలో కదలకుండా నిలబడి వాటిని చూశాం. ఒకటి మా వాడి నీడలోకి వచ్చి, కాసేపు ఆగి, తన దారిన పోయింది. వాడు ఊపిరి తీస్తే ఒట్టు.

దీవి మీద రాజ్యం ఇగ్వానాలది. మన ఉడుమంత ఉంటాయి, ఎండలో బూడిదరంగు రాయిలా పడి ఉంటాయి. ఈ జాతి చిన్న ఆంటిల్లీస్ అనే కరీబియన్ తూర్పు అంచు దీవుల్లో తప్ప ఎక్కడా లేదు. వేరేచోట నుంచి వచ్చిన పచ్చ ఇగ్వానాలతో కలిసిపోయి చాలా దీవుల్లో అంతరించిపోతున్నాయి. పెతీత్ తేర్‌లో మాత్రం ఇంకా వేలల్లో ఉన్నాయి. వాటికి తిండి పెట్టకూడదు. ఒకటి మీ చెల్లెలి చెప్పు మీద తల పెట్టుకుని నిద్రపోయింది, అది లేచేదాకా మేము కదల్లేదు. ఇంకో జాగ్రత్త: మాన్సెనీయే అని ఒక చెట్టు ఉంది. పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది, వానలో దాని కింద నిలబడినా ప్రమాదమే, చిన్న ఆపిల్ లాంటి కాయ విషం. గ్వాడెలూప్ తీరాల్లో ఆ చెట్ల మొదళ్లకు ఎర్ర రంగు పట్టీ వేస్తారు. నీడ కనబడింది కదా అని కూలబడిపోయే అలవాటున్న నీ కోసమే ఇది రాస్తున్నాను.

భోజనం పడవ మీదే. ముందు రమ్ము. చెరకు రసం నుంచి నేరుగా తీసిన తెల్ల రమ్ము, 50 శాతం ఘాటు, అందులో నిమ్మముక్క, కాస్త చక్కెర. ఎవరి గ్లాసు వాళ్లే కలుపుకోవాలి. ‘ఎవరి చావు వాళ్లే తయారుచేసుకోవాలి’ అని అక్కడి నానుడి. నేను ఓ మోస్తరుగా కలుపుకున్నాను. తర్వాత ఉప్పుచేపతో వేసిన అక్రా అనే బజ్జీలు. ఆ పైన అన్నం, కోడికూర. మూత తీయగానే నేనూ మీ చెల్లెలూ ముఖాలు చూసుకున్నాం. ధనియాలు, జీలకర్ర, మెంతులు, ఆవాలు, పసుపు. దాన్ని అక్కడ కొలొంబో అంటారు. కారం లేదు, కారం కావాలంటే పక్కన మిరపకాయ పచ్చడి వేసుకోవాలి. మెంతులు కాస్త ఎక్కువైనా ఇంటి కూర వాసనే.

వాజిలిన్ పెట్టిన కుర్రాడే వడ్డించాడు. వాళ్ల ముత్తాతలు మన వైపు నుంచే వచ్చారట. 1848లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో కూలీలు చాలక ఫ్రెంచివాళ్లు మనదేశం మీద పడ్డారు. ఒరేలి అనే ఓడలో మొదటి విడత 1854 డిసెంబరు 24న గ్వాడెలూప్‌లోని ప్వాంతాపీత్ర్ రేవులో దిగింది. 1889 వరకూ 40,000 మందికి పైగా వచ్చారు. ఎక్కువమంది పాండిచ్చేరి, కారైకాల్ నుంచి ఓడ ఎక్కిన తమిళులు, కొందరు తెలుగువాళ్లు. అక్కడే పుట్టిన పిల్లలకు కూడా ఓటు హక్కు లేకపోతే ఆంరీ సిదంబరం అనే ఆయన 1904 నుంచి 1923 దాకా పోరాడి సాధించాడు. కాపెస్తేర్ ఊళ్లో ఇప్పటికీ మారియమ్మ గుడి ఉంది, పడవ కుర్రాడి అమ్మమ్మ ఏటా అక్కడ మొక్కు తీర్చుకుంటుందట. భాష మాత్రం ఎప్పుడో పోయింది. ‘మీరు అరటి ఆకులో తింటారా?’ అని అడిగాడు. తింటామన్నాను. ‘మేమూ పూజ రోజున’ అన్నాడు. నేను రెండోసారి అన్నం పెట్టించుకున్నాను, ఆకలితో కాదు.

వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి. ఇంజను ఆపేసి తెరచాప ఎత్తారు. పడవ కుదుపు లేకుండా పోతుంటే పొద్దున పాలిపోయినవాళ్లంతా వల మీద నిద్రపోయారు. అయిదింటికి రేవులో ఉన్నాం.

నువ్వూ అక్కయ్యా వచ్చేట్టయితే డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపు రండి, వానలు తక్కువ. ఎండకు క్రీము రాసుకునే బదులు పొడుగు చేతుల బనియను తొడుక్కోండి, క్రీము పగడాలకు చేటు. ఖర్చు సంగతి వచ్చాక మాట్లాడుకుందాం, ఆ మాట ముందే చెబితే నువ్వు రావు.

నీకు ఇంకో పని. 1820ల చివర్లో మీ యానాం నుంచి కూలీలు హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవి రీయూనియన్‌కు వెళ్లారని నువ్వే ఒకప్పుడు చెప్పావు. గ్వాడెలూప్ వైపు పోయినవాళ్ల ఊసు అక్కడి పెద్దవాళ్లలో ఎవరికైనా తెలుసేమో కనుక్కో. ఆ కుర్రాడికి తన ముత్తాత ఓడ ఎక్కిన రేవు తప్ప, పుట్టిన ఊరు తెలియదు. ఏమైనా దొరికితే రాస్తానని మాట ఇచ్చాను, ఫోను నంబరు కూడా తీసుకున్నాను.

అక్కయ్యను అడిగానని చెప్పు. పిల్లల పరీక్షలు ఎప్పుడు?

ఉంటాను,
నీ బావ