ద్వారబంధాలు మళ్ళీ బిగిస్తాం, తడి గోడకు రంగు మాత్రం వేయం

ఆగస్టులో తిరుపతి బైరాగిపట్టెడ, కొర్లగుంటల్లో మేం బిగించిన ద్వారబంధాల్లో నాలుగు అడుగున పుచ్చాయి. స్క్రూడ్రైవర్ గుచ్చితే బొటనవేలంత లోతు దిగుతోంది. చెక్క పలకలు పలకలుగా ఊడివస్తోంది, వెనక గోడ మీద దూదిలాంటి తెల్లబూజు. నాలుగూ మా ఖర్చుతోనే మారుస్తాం.

బాగా ఆరిందని చెప్పి కట్టెల డిపో ఇచ్చింది పచ్చి వేప. బిగించేనాడు మా తేమ మీటరు 14 శాతమే చూపింది, కానీ దాని సూదులు దిగేది మూడు నాలుగు మిల్లీమీటర్లే. పైగా నాలుగు వైపులా ప్రైమరు కొట్టేశాం, లోపలి తడికి దారి మూసుకుపోయింది. తేమ 20 శాతం దాటితే చెక్కకు బూజు ముప్పే. డిపో ఆయన ‘మీ గోడే తడి’ అంటున్నారు. గోడ తడే, కాదనం. మరి గోడ పొడిగా ఉన్న ఐదడుగుల ఎత్తులో కోసి చూసినా నడిమధ్య 24 ఎందుకుంది? ఆ మాటకు ఇంతవరకూ జవాబు లేదు. ఇక ఆ డిపో గడప తొక్కం. ఎవరి దగ్గర కొన్నా, లోడుకు ఒక కట్టె అడ్డంగా కోసి చూశాకే డబ్బు.

‘డ్రై రాట్’ అని చెప్పి గోడంతా రంధ్రాలు వేసి మందు ఎక్కించమనేవాళ్ళ మాట నమ్మకండి. ఆ డ్రై రాట్ తెచ్చే సెర్పులా అనే బూజు చలిప్రాంతాలది, 26 డిగ్రీలు దాటితే దాదాపు పెరగదు. మన ఊళ్ళో చెక్కను తినేవి వేరే బూజులు. వాటికి తడి ఆపడమే మందు.

ముందు బాత్రూమ్ పైపు, సన్‌షేడ్ పగుళ్ళు సరిచేస్తాం. బూజు కనబడిన చోటు నుంచి ఇంకో అడుగున్నర దాకా గార ఊడగొడతాం. పది లీటర్ల వేడినీళ్ళలో 600 గ్రాముల బోరాక్స్, 400 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి కొత్త చెక్కకు రెండు పూతలు పూస్తాం, కోసిన కొసలను అందులోనే నానబెడతాం. నీళ్ళు తగిలితే ఈ మందు కొట్టుకుపోతుంది కాబట్టి, ఆరాక గోడకు ఆనే వైపు తారు పూసి, కాళ్ళ కింద గ్రానైట్ ముక్క పెడతాం.

రంగు విషయమే రెండు వారాలు తేల్చుకోలేకపోయాం. సంక్రాంతికి ఇల్లు కళగా ఉండాలని అందరికీ ఉంటుంది. కానీ తొమ్మిదంగుళాల గోడ ఒకవైపు నుంచే ఆరితే అంగుళానికి నెల లెక్క, రెండువైపులా గార తీస్తే అందులో సగం. అడుగు చదరం పాలిథిన్ కవరు గోడకు నాలుగంచులా టేపుతో అంటించి మర్నాడు చూడండి. లోపల చెమ్మ పట్టిందా, మేం బ్రష్ ముట్టం. పండక్కి వేరేవాళ్ళ చేత వేయించుకుంటామంటే అడ్వాన్సు అడిగిన రోజే తిరిగిస్తాం.