బొప్పాయి సంగతి

డి మోయిన్, అయోవా
ఆగస్టు 10, ఆదివారం

నాన్నకు, అమ్మకు నమస్కారాలు.

మేమిద్దరం క్షేమం. మొన్న ఇక్కడి జన్యుమార్పిడి తిండి మీద, అంటే జన్యువులు మార్చిన పంటల మీద, మాటా మాటా పెరిగి మీరు ఫోను పెట్టేశారు నాన్నా. మళ్లీ చేస్తే మళ్లీ అదే జరుగుతుందని ఈసారి కాగితం తీసుకున్నాను. పకోడీలు కట్టిచ్చిన కాగితమైనా చివరి అక్షరం దాకా చదవనిదే పారేయరు మీరు. అమ్మకు చదివి వినిపించేదీ మీరే కాబట్టి అమ్మతో చెప్పుకొనే మాటలు కూడా మీ గొంతులోంచే వెళ్లాలి. ఏం చేస్తాం.

ఉద్యోగం బాగానే ఉంది. కడుపులో బిడ్డతో సహా అంతా సవ్యంగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. కాళ్లు కాస్త వాస్తున్నాయి, అంతే.

ఇక మీరు పంపిన ఆ వీడియో. నేను రెండుసార్లు చూశాను. మీ అల్లుడు నవ్వారు, నేను నవ్వలేదు. పండు మీద అంటించిన చీటీలో అంకె 8తో మొదలైతే అది జన్యుమార్పిడి పండు అన్నాడు కదా అందులో. ఆ అంకెలు దుకాణంలో బిల్లు వేసేవాళ్ల కోసం పెట్టుకున్నవి. 9తో మొదలైతే సేంద్రియం. 8ని జన్యుమార్పిడి వాటికని ఒకప్పుడు కేటాయించారు గాని దుకాణాల్లో అది వాడుకలోకి రానేలేదు. ఆ వీడియోను నమ్ముకుని 8 కనబడలేదు కదా అని నిశ్చింతగా ఉంటే నేనే మోసపోయేదాన్ని. టమాటాలో చేప జన్యువు మాటా అంతే. ప్రయోగం చేసిన మాట నిజం, అమ్మకానికి మాత్రం రాలేదు. ఊదారంగు టమాటా ఒకటి ఈ మధ్య వచ్చింది. అది రంగు చూస్తేనే తెలిసిపోతుంది.

అలాగని ఇక్కడ ఏమీ లేదని బుకాయించను. ఊరు దాటితే రోడ్డుకు అటూ ఇటూ మొక్కజొన్న, సోయా తప్ప మరొకటి కనిపించదు. ఈ దేశంలో పండే ఆ రెండింటిలో నూటికి తొంభై పాళ్ల పైనే జన్యుమార్పిడివి. కాకపోతే ఆ మొక్కజొన్నలో ఎక్కువ భాగం పశువుల దాణాకు, పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు పోతుంది. మన పళ్లెంలోకి వచ్చేది దొడ్డిదారిన వస్తుంది: సోయా నూనె, కనోలా నూనె, శీతల పానీయాల్లో పోసే మొక్కజొన్న పాకం. పంచదార కూడా. ఇక్కడి పంచదారలో సగానికి పైగా బీట్ దుంపల నుంచి తీసిందే, ఆ దుంపలు దాదాపు అన్నీ మార్చినవే. 2022 జనవరి నుంచి అలాంటి సరుకు మీద ఆ సంగతి రాయాలని చట్టం తెచ్చారు. ఆకుపచ్చ గుండ్రటి ముద్ర ఒకటుంది. అయితే నూనె, పంచదార బాగా శుద్ధి చేశాక మార్చిన జన్యువు ఆనవాలు దొరక్కపోతే రాయనక్కర్లేదట. ముద్ర లేనంత మాత్రాన ఆ పంట కాదని అనుకోవడానికి లేదు. నాకు చిరాకు పుట్టించేది ఇదే. తినాలా వద్దా అన్నది తరవాత, ముందు చెప్పాలి కదా.

అందుకని నేను చేస్తున్నది చెబుతాను, మీ మనసు కుదుటపడుతుంది. వేరుశనగ నూనె, నువ్వుల నూనె తప్ప ఇంట్లోకి మరో నూనె రావడం లేదు. పంచదార పొట్లం మీద చెరకుది అని రాసి ఉంటేనే తీసుకుంటాను. సోయా పాలు, టోఫు సేంద్రియ ముద్ర ఉన్నవే. ఆ ముద్ర ఉంటే జన్యుమార్పిడి విత్తనం వాడకూడదు. బియ్యం, కందిపప్పు, గోధుమపిండి గురించి దిగులే లేదు, ఇక్కడి దుకాణాల్లో వాటిలో అలాంటి రకాలే లేవు. జన్యుమార్పిడి పంటల ప్రభుత్వ జాబితాలో వంకాయ పేరు చూసి ఉలిక్కిపడ్డాను. తీరా చూస్తే అది బంగ్లాదేశ్‌లో పండించే బీటీ రకమట, పురుగును తట్టుకునేలా జన్యువు పెట్టినది. 2010లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ బీటీ వంకాయను ఆపించినప్పుడు మీరు పేపరు పట్టుకుని వీధి అరుగు మీద అందరికీ చదివి వినిపించారు, గుర్తుందా?

కోప్పడనంటే ఒకటి అడుగుతాను. ఆదోనిలో అత్తవాళ్ల వీధి చివర బజ్జీల బండి నూనె ఏమిటి? పత్తి గింజల నూనె. మన దగ్గర 2002లో బీటీ పత్తి వచ్చాక కొన్నేళ్లకే పత్తి అంటే దాదాపు బీటీ పత్తే అయిపోయింది కదా. నేను అమెరికా రాకముందే ఏళ్ల తరబడి తిన్నాను నాన్నా, మీరే కొనిపెట్టారు. ఎత్తిపొడుపు కాదు. తింటే జబ్బు చేస్తుందని నేననుకోవడం లేదు, ఇక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీలు కూడా 2016లో అలాంటి ఆధారం దొరకలేదనే చెప్పాయి. కలుపు మందు కొట్టినా చావని పైరు, దాని మీద ఆ మందు చల్లడం, అది నాకు నచ్చదు. ఇప్పుడైతే మరీ నచ్చదు.

అమ్మా, మోకాలికి ఆ తైలం రాస్తున్నావా? తమ్ముడు చెబితే తెలిసింది, నువ్వు చెప్పవు కదా. వీసా ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు మెట్లు ఎక్కకు, లిఫ్టు ఉంటుంది.

బొప్పాయి దగ్గరికి వస్తాను. నువ్వు వద్దన్నది వేడి అని, నాన్న వద్దన్నది జన్యువని. మీరిద్దరూ ఒక్క మాట మీద నిలబడటం నేను పుట్టాక ఇదే మొదటిసారి, అదీ పాపం బొప్పాయి మీద! హవాయిలో పండేది చాలావరకు మార్చినదేనని మీకెవరో చెప్పింది నిజమే నాన్నా. కానీ ఎందుకు మార్చారో చెప్పలేదు. 1992లో అక్కడి పూనా అనే ప్రాంతానికి వైరస్ పాకింది. కాయ మీద ఉంగరాల మచ్చలు, ఆకులు సన్నబడి ముడుచుకుపోవడం. మన కోడూరులో చిన్నాన్న తోటకు వచ్చిందే. చెట్లు నరికిన రోజు చిన్నాన్న అన్నం తినకుండా గట్టు మీదే కూర్చున్నాడు, నేను మజ్జిగ చెంబు పట్టుకెళ్తే తీసుకోలేదు. అక్కడ ఆ దీవిలోనే పుట్టిన డెన్నిస్ గొన్సాల్వెస్ అనే శాస్త్రవేత్త, తోటివాళ్లు కలిసి ఆ వైరస్ జన్యువు ముక్కనే చెట్టులో పెట్టి దానికి తట్టుకునేలా చేశారు. 1998లో రైతుల చేతికి విత్తనం వచ్చింది. అలాంటి విత్తనం ఆ రోజు ఎవరైనా తెచ్చి ఇచ్చి ఉంటే చిన్నాన్న వద్దనేవాడా? మీరు వద్దనిపించేవారా? ఒకసారి ఆయననే అడగండి.

ఇంకో సంగతి అమ్మా. వేవిళ్లు మొదలుకాకముందు, విషయం తెలియకముందు, ఒక పండు మొత్తం నేనే తిన్నాను. మెక్సికో నుంచి వచ్చినది. బాగా మగ్గింది, మన ఊరి వాసన వచ్చింది, ఆగలేకపోయాను. తరవాత భయం వేసి డాక్టరమ్మను అడిగాను. పాలు కారే పచ్చికాయ వద్దు, పండినది ఫర్వాలేదు అంది. అయినా మళ్లీ కొనలేదు, నీ మీద ఒట్టు.

గోంగూర కుండీలో నాలుగు మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. మంచు పడేలోపు రెండుసార్లు పచ్చడికి వస్తుంది. నువ్వు వచ్చేదాకా ఆపుదామని ఉంది గాని ఆగేలా లేను.

నాన్నా, ఫోను పెట్టేసింది మీరు. కాబట్టి ఇది అందాక చేయాల్సిందీ మీరే. మా పొద్దున ఎనిమిదికి చేయండి, లేచే ఉంటాను.

మీ
చిట్టి