షీట్లు నిలబెట్టాలా, పడుకోబెట్టాలా

పర్లాకిమిడి

బుజ్జమ్మా,

నువ్వు గ్రూపులో పెట్టిన ఫొటో చూశాను. బేస్‌మెంటులో గోడకి చేరేసిన డ్రైవాల్ షీట్లు, అదే మన జిప్సం బోర్డు, పక్కన చీపురు పట్టుకుని చంటిది. "నాన్నా, నిలువుగా వెయ్యాలా అడ్డంగానా" అని అడిగావు, నేను జవాబు రాసేలోగా మాయమైపోయావు. ఆ తర్వాత ఫోను లేదు, మెసేజ్ చూసినట్టు నీలం టిక్కులు కూడా పడలేదు. మీ అమ్మ పొద్దున్న లేవగానే నా ఫోను తీసి చూస్తోంది. నాకేం టెన్షన్ లేదు, పనిలో ఉండుంటారని నేనే దానికి సర్దిచెబుతున్నాను. ఫోనులో అయితే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకో పని చూసుకుంటావు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

గ్రూపులో శీను, రాజు బావ అందరూ అడ్డంగా వెయ్యమన్నారు. తప్పని అనను. షీటు పొడుగు అంచులు రెండూ తయారీలోనే కొంచెం పల్చగా దించి ఉంటాయి, అలాంటివి రెండు కలిసిన చోట టేపూ పుట్టీ ఆ పల్లంలో కూర్చుని గోడ చదునుగా వస్తుంది. పొట్టి అంచులకి ఆ పల్లం ఉండదు. అవి రెండూ కలిస్తే పుట్టీ ఉబ్బుగా లేస్తుంది, కనబడకుండా చెయ్యాలంటే అటూ ఇటూ బాగా వెడల్పుగా లాగాలి, కొత్త చేతికి అంత సులువుగా రాదు. ఇప్పుడు లెక్క చూడు. షీటు వెడల్పు 4 అడుగులు, గోడ ఎత్తు 8 అనుకో. 12 అడుగుల పొడుగు గోడకి 12 అడుగుల షీట్లు రెండు అడ్డంగా వేస్తే జాయింటు 12 అడుగులే, అదీ ఛాతీ ఎత్తులో, నిలబడి హాయిగా చేసుకోవచ్చు. కానీ మీ మెట్ల మలుపులో 12 అడుగులది తిరగదని అల్లుడుగారే అన్నారు కదా పండక్కి ఫోన్ చేసినప్పుడు. ఫొటోలో ఉన్నవి 8 అడుగులవి. వాటిని అడ్డంగా వేస్తే ఆ 12కి తోడు నాలుగేసి అడుగుల పొట్టి జాయింట్లు రెండు, వెరసి 20. అవే మూడు షీట్లు నిలబెడితే 16 అడుగులు, పొట్టి జాయింటు ఒక్కటీ ఉండదు. కాబట్టి మీ ఇంటికి నిలువే. రాజు బావకి చెప్పకు, మొహం మాడ్చుకుంటాడు.

నిలువుకి ఒకటే షరతు, ప్రతి నాలుగడుగులకీ షీటు అంచు స్టడ్ కర్ర, అంటే షీటు బిగించే నిలువు కర్ర, నడిమధ్యన పడాలి. కర్రలు 16 అంగుళాలకొకటి సరిగ్గా ఉంటే 48 దగ్గర దానంతటదే పడుతుంది. ఎవరు కొట్టారు అవి? అల్లుడుగారేనా? ఆ ఫొటో మీ టైము ప్రకారం మంగళవారం మధ్యాహ్నం తీసింది, ఆయన వెనకాల నిక్కరుతో నించుని ఉన్నారు, అందుకని అడిగాను. సెలవు పెట్టారేమో. కర్ర అరంగుళం తప్పినా పక్కన ఇంకోటి కొట్టుకోవాలి, ఆధారం లేని జాయింటు పగలకుండా ఉండదు. తలుపు మూలకి సరిగ్గా జాయింటు రానివ్వకు, ముందు చీలేది అక్కడే. షీటుని అక్కడ ఎల్ ఆకారంలో కోసి వెయ్యమను.

అన్నిటికన్నా ముఖ్యం, షీటు నేలకి ఆనకూడదు. చిన్న మావయ్య బట్టల కొట్టు గుర్తుంది కదా. 2018లో వెనకాల స్టాకు గదికి జిప్సం బోర్డు పార్టిషన్ పెట్టించాడు. బరంపురం నుంచి వచ్చిన కుర్రాళ్లు సందు కనిపిస్తే ఎలకలు దూరతాయని బోర్డుని తిన్నగా నేల మీదే నించోబెట్టేశారు. నేను వెళ్లి చూసి, ఒరే అరంగుళం వదలండర్రా, స్కర్టింగ్ వేస్తే కనబడదు కదా అన్నాను. మావయ్య నవ్వి, బావగారూ మీరు సిమెంటు మనిషి, ఇది కొత్త సరుకు అన్నాడు. అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, మనకి ఆ వాన ఎలా కొట్టిందో నీకు తెలుసు, మహేంద్రతనయ పొంగింది, కరెంటు లేదు. కొట్టులోకి వచ్చిన నీళ్లు మడమ కూడా తడవనన్నే, సాయంత్రానికి చీపుళ్లతో తోసేశారు. కానీ బోర్డు పీల్చేసింది. కింద అంచు అట్టలాగ ఉబ్బి, తడి జానెడు పైకెక్కింది, వారం తిరిగేసరికి రంగు మీద నల్ల చుక్కలు, తర్వాత వాసన. బుల్లెమ్మత్త ఆ గదిలోకి వెళ్లనంది. చీరల కట్టలకి కూడా ఆ వాసన పట్టింది. చివరికి పార్టిషన్ అంతా పీకించాడు, ఆ కుర్రాళ్లు ఫోనే ఎత్తలేదు. మీది నేల కింద గది, కాంక్రీటుకి చెమ్మ ఉండనే ఉంటుంది. గచ్చు మీద ఒక ప్లాస్టిక్ ముక్క నాలుగువైపులా టేపుతో అంటించి రెండు రోజులుంచు, కింద తడి కనబడితే షీట్లు ఆపేసి ముందు ఆ సంగతి చూడండి.

సీలింగు ముందు వెయ్యండి, గోడలు తర్వాత. స్క్రూ తల కాగితాన్ని చింపకుండా కొంచెం లోపలికి దిగితే చాలు. పుట్టీ రుద్దేటప్పుడు చంటిదాన్ని కిందికి రానివ్వకు, మాస్కు నువ్వూ పెట్టుకో. నీ నడుము సంగతి నీకు గుర్తుండదు, నాకుంటుంది. షీటు నువ్వు ఎత్తకు, నిలబెట్టాక కింద పలకముక్క పెట్టి కాలితో తొక్కితే అదే లేస్తుంది.

ఇంతకీ ఆ గది ఎవరికి? అద్దెకిస్తారా? అద్దె వాటా అయితే మంటల నిబంధనలు వేరేగా ఉంటాయి, సీలింగుకి అరంగుళం బదులు 5/8 అంగుళం మందం షీటు అడగొచ్చు, మీ మున్సిపాలిటీ వాళ్లని అడిగాకే స్క్రూ బిగించండి. పాతపట్నం పెళ్లిలో బుల్లెమ్మత్త మీ అమ్మ పక్కన కూర్చుని, "అల్లుడుగారికి ఆఫీసు లేదటగా, కింద వాటా అద్దెకిస్తున్నారటగా" అంది. ఎవరో చెప్పారట, ఎవరో మాత్రం చెప్పలేదు. నేను నమ్మలేదు. నమ్మినా తప్పేముంది, ఉద్యోగాలన్నాక పోతాయి వస్తాయి. నాకు చెప్పడానికి మొహమాటమెందుకు? ఇన్నాళ్లు పనిచేసిన మనిషికి పని ఆగిపోవడం అంటే ఏంటో నాకు తెలియదా, వానాకాలం మూడు నెలలూ తాపీ పని లేక ఇంట్లో కూర్చోలేదా. అయినా పోలేదనే అనుకుంటున్నాను.

మన బరంపురం రోడ్డు స్థలానికి బేరం వచ్చింది. నాకేం తొందర లేదు, ఇంకో రెండేళ్లు ఆగితే రేటు పెరుగుతుందనే అందరూ అంటున్నారు. కానీ ఎవరికైనా అవసరముంటే ఇప్పుడే ఇచ్చేస్తాను. ఆ సంగతి అల్లుడుగారితోనే మాట్లాడాలి, ఆదివారం ఆయన చేత ఫోను చేయించు. కర్రల మధ్య దూరం, సీలింగు ఎత్తు మూడు చోట్ల కొలిచి పంపు, ఒక్కచోట కొలిచి ఊరుకోకు.

మీ నాన్న