2024-25 వార్షిక నివేదిక: చేలో రెండు రాత్రులు

మన హామ్ రేడియో క్లబ్ (లైసెన్సు తీసుకుని సొంత సెట్‌తో దూరదేశాల వాళ్లతో మాట్లాడే అభిరుచి మనది) సభ్యులందరికీ నమస్కారం. లైసెన్సు పరీక్ష తరగతులు ఎప్పటిలాగే ఆదివారాలు నడిచాయి, జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు. నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది అక్టోబర్ 26, 27 గురించి. సీక్యూ వరల్డ్ వైడ్ కాంటెస్ట్ (రెండు రోజుల్లో వీలైనన్ని దేశాల హామ్ స్టేషన్లతో మాట్లాడే పోటీ) కోసం ఐదుగురం వికారాబాద్ దగ్గర మన సభ్యుడి చేలో మకాం వేశాం.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల మధ్య రేడియో పెడితే ఏం వినిపిస్తుందో మీకు తెలుసు. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, చార్జర్లు అన్నీ కలిసి చేసే గోలకి, ఏ స్టేషనూ లేకుండానే సిగ్నల్ బలం చూపించే ఎస్-మీటర్ ముల్లు 7 దగ్గర కూర్చుంటుంది. చేలో అది లేవనే లేదు. శుక్రవారం పొద్దు గుంకేలోపు చింతచెట్టు కొమ్మ మీదుగా రాయి కట్టిన తాడు విసిరి, 14 మెగాహెర్ట్జ్ డైపోల్ యాంటెన్నా ఎక్కించాం, రెండు పక్కలా ఐదేసి మీటర్ల తీగ.

రాత్రి పదింటికి రేడియోలో మొదలైంది. టక్. టక్. సెకనుకోసారి. ముందు మా బ్యాటరీ వైర్లనే అనుమానించి అన్నీ విప్పి మళ్లీ బిగించాం, తగ్గలేదు, తెల్లారితే కాంటెస్ట్ అని అందరికీ ఒకటే టెన్షన్. చివరికి చిన్న రేడియో పట్టుకుని గట్ల వెంబడి నడిస్తే పక్క చేను దగ్గర శబ్దం పెరిగింది. అడవిపందులు రాకుండా వేసిన సోలార్ ఫెన్సింగ్ అది. మంచుకి తడిసిన గడ్డి తీగకి తగిలి, టక్ అన్నప్పుడల్లా అక్కడ సన్నగా నీలం రవ్వ లేస్తోంది. ఈలోపు రైతు టార్చి వేసుకుని వచ్చారు, "పందులొచ్చినయేమో అనుకున్న సారూ" అంటూ. విషయం చెప్పగానే మిషన్ ఆపి, ఆ రాత్రివేళ కొడవలితో గడ్డి కోసేశారు. గడ్డి తగిలితే కంచెలో దెబ్బ కూడా తగ్గుతుందట. మళ్లీ ఆన్ చేస్తే రేడియోలో ఏమీ లేదు.

శనివారం ఉదయం 5:30కి, అంటే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) సున్నా గంటలకి, మొదటి పిలుపు వెళ్లింది. సొంత దేశం వాళ్లతో మాట్లాడితే పాయింట్లు రావు, వేరే ఖండమైతే మూడు, కాబట్టి మనకి యూరప్, అమెరికాలే ముఖ్యం. సూర్యుడు మంచి ఊపులో ఉన్న (మచ్చలు ఎక్కువై రేడియో తరంగాలు దూరం వెళ్లే) ఏడాది కావడంతో మధ్యాహ్నం దాటాక 28 మెగాహెర్ట్జ్ యూరప్ వైపు తెరుచుకుంది. మన వీయూ కాల్‌సైన్ (భారత్ స్టేషన్ల పేరు వీయూతో మొదలవుతుంది) వినగానే ఒకరి మీద ఒకరు పడి పిలుస్తుంటే "ఫైవ్ నైన్, ట్వెంటీ టూ" (సిగ్నల్ బాగుంది, మన జోన్ నంబర్ 22) అని చెప్పీ చెప్పీ గొంతులు బొంగురుపోయాయి. రైతు గారు కూడా హెడ్‌ఫోన్ పెట్టుకుని చాలాసేపు కదలకుండా విన్నారు.

రెండో రాత్రి మాత్రం తెల్లవారుజామునే బ్యాటరీలు దిగిపోయాయి. 100 వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు దాదాపు 20 ఆంపియర్లు లాగుతుంది, రెండు కారు బ్యాటరీలు చాలుతాయనుకోవడం మా తప్పే. ఉన్నంతవరకు లాగ్ (మాట్లాడిన స్టేషన్ల జాబితా) ఐదు రోజుల గడువులోపే పంపించాం.

2025లో కాంటెస్ట్ అక్టోబర్ 25, 26. ఈసారి గురువారమే వెళ్దాం, పెద్ద బ్యాటరీ ఉన్నవాళ్లు ముందే చెప్పండి. కంచె వెంబడి గడ్డి తానే కోయించి ఉంచుతానని రైతు గారు అన్నారు.