మన జెఫిర్ బ్లూటూత్ గ్రూపు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశం దగ్గరపడింది, ఏడాది పొడుగునా జరిగిన పని మీ ముందు పెట్టాలి కాబట్టి రాస్తున్నా. జెఫిర్ అంటే చిన్న చిప్‌ల మీద నడిచే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్, దానిలోని బ్లూటూత్ భాగం మీద పనిచేసేవాళ్ళం మనం. ఇక నేరుగా విషయంలోకి వస్తా.

ఈసారి కొత్తవాళ్ళు ఎక్కువగా అడిగింది ఒకటే, బోర్డు (చిప్ అమర్చిన చిన్న సర్క్యూట్) రీస్టార్ట్ చేస్తే ఫోన్‌తో చేసిన పెయిరింగ్ పోతోందని. ఫోన్‌లో చూస్తే పెయిర్ అయ్యే ఉంటుంది, కనెక్ట్ చేస్తే ఎన్‌క్రిప్షన్ దగ్గర ఆగిపోతుంది, ఎర్రర్ కోడ్ 6, అంటే కీ లేదని. ఫోన్ దగ్గర కీ ఉంది, బోర్డు దగ్గరే లేదు. కాన్ఫిగ్‌లో బ్లూటూత్ సెట్టింగ్స్ ఆన్ చెయ్యకపోతే బాండ్ వివరాలు, అంటే పెయిరింగ్‌లో దాచుకున్న కీలు, ర్యామ్‌లోనే ఉంటాయి, పవర్ పోతే అవీ పోతాయి. పోనీ ఆన్ చేశారనుకోండి, బ్లూటూత్ ఎనేబుల్ అయ్యాక సెట్టింగ్స్ లోడ్ ఫంక్షన్‌ని కూడా పిలవాలి, లేకపోతే ఐడెంటిటీ అడ్రస్ (బోర్డు సొంత బ్లూటూత్ చిరునామా) ఉండదు, అడ్వర్టైజింగ్, అంటే నేనిక్కడున్నానని బోర్డు చాటుకోవడం, మొదలే అవదు. లాగ్‌లో ఈ మాట స్పష్టంగానే వస్తుంది, దయచేసి ప్రశ్న అడిగేముందు లాగ్ ఆన్ చేసి చూడండి.

రెండోది పరికరం పేరు గొడవ. పాత పద్ధతి అడ్వర్టైజింగ్ ప్యాకెట్‌లో డేటాకి ఉండేది 31 బైట్లే. ఫ్లాగ్స్‌కి 3, 128 బిట్ల సర్వీస్ ఐడీకి 18 పోతే మిగిలేది 10, అందులో పేరుకి హెడర్ 2. తెలుగులో పేరు పెట్టాలని చాలామందికి సరదా, నాకూ ఇష్టమే, కానీ యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) మన అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కోటి 3 బైట్లు తింటాయి, 8 బైట్లలో రెండు పడతాయి అంతే. పేరుని స్కాన్ రెస్పాన్స్‌లో, అంటే వెతికే ఫోన్ అడిగితే పంపే రెండో ప్యాకెట్‌లో, పెట్టుకోండి, అక్కడ ఇంకో 31 ఉన్నాయి. ఈ రెండింటి మీదా డాక్యుమెంటేషన్ టీం రాసిన తెలుగు నోట్స్ చాలా బాగున్నాయి, వాళ్ళకి పేరుపేరునా థాంక్స్.

ఇక ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది బ్యాబుల్‌సిమ్ (బ్లూటూత్ రేడియోని కంప్యూటర్‌లోనే అనుకరించే సిమ్యులేటర్) వర్క్‌షాప్ గురించి. బోర్డు లేక ఆగిపోయామనేవాళ్ళ కోసం పెట్టాం. లైనక్స్ ల్యాప్‌టాప్‌లో సెంట్రల్ (ఫోన్‌లా వెతికి కనెక్ట్ చేసేది) ఒక ప్రాసెస్, పెరిఫెరల్ (బోర్డులా కనెక్ట్ చేయించుకునేది) ఇంకో ప్రాసెస్, మధ్యలో రేడియో పని చూసేది మూడోది, అసలు రేడియో లేకుండానే రెండూ స్కాన్ చేసుకుని, కనెక్ట్ అయ్యి, పెయిర్ అయిపోతాయి. జెఫిర్‌లో బ్లూటూత్ పై భాగమైన హోస్ట్, రేడియోని నడిపే కంట్రోలర్ రెండిటి కోడూ ఓపెన్ సోర్సే కాబట్టి లింక్ లేయర్ (కంట్రోలర్‌లో ప్యాకెట్లు పంపే పొర) దాకా మనమే దిగి చూడొచ్చు. అసలు బోర్డు మీద డీబగ్గర్‌తో ఆపితే కనెక్షన్ ఈవెంట్లు (రెండూ మాట్లాడుకోవాల్సిన సమయాలు) మిస్సయ్యి అవతలివాడు సూపర్‌విజన్ టైమౌట్‌తో (ఇంతసేపు ఏమీ రాకపోతే లింక్ తెంచే గడువు), అంటే కోడ్ 8తో, తెంపేసుకుంటాడు. ఆ టైమౌట్‌ని ఎంత పెంచినా 32 సెకన్లకి మించదు, అంతలో ఏం చదువుతాం, ఏం ఆలోచిస్తాం. సిమ్యులేటర్‌లో బ్రేక్‌పాయింట్ పెడితే టైమే ఆగిపోతుంది, తీరిగ్గా వేరియబుల్స్ అన్నీ చూసుకుని మళ్ళీ వదలొచ్చు, కనెక్షన్ అలాగే ఉంటుంది. అప్పుడప్పుడు మాత్రమే కనిపించి మాయమయ్యే ఒక డిస్‌కనెక్ట్ బగ్‌ని మన కుర్రాళ్ళు అదే ర్యాండమ్ సీడ్‌తో (యాదృచ్ఛిక అంకెలకి మొదలు విలువ) మళ్ళీ మళ్ళీ రప్పించి, అక్కడికక్కడే దానికో టెస్టు రాశారు. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళకి ఆ ఆనందం తెలుసు. నేర్పినవాళ్ళకి, ల్యాప్‌టాప్‌లు ఇచ్చినవాళ్ళకి, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని అందరి మెషీన్లలో టూల్‌చెయిన్ (కోడ్ బిల్డ్ చేసే సాధనాలు) ఎక్కించినవాళ్ళకి సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు విడిగా పంపారు, ఆడిట్ అయింది, లోటు లేదు.

కష్టం అనిపించిన సంగతులూ చెప్పాలి. ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపుతారు, రివ్యూలో టెస్టు జతచెయ్యమని అడగ్గానే మనిషి కనపడడు. కమిట్‌లో సైన్డ్ ఆఫ్ లైను (ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని పెట్టే సంతకం) లేక చెక్ ఫెయిలై ఆగిన ప్యాచ్‌లు కూడా ఉన్నాయి, అది నిమిషం పని, ఎన్నిసార్లు ఫోన్ చెయ్యాలండీ. పీటీఎస్ (బ్లూటూత్ ప్రమాణాల సంస్థ ఇచ్చే పరీక్షా సాఫ్ట్‌వేర్) టెస్టుల కోసం పెట్టిన మెషీన్ నెలల తరబడి ఖాళీగా ఉంది, వస్తామని చేతులెత్తినవాళ్ళు రాలేదు. సిమ్యులేటర్ పాసయితే సరిపోదు, అసలు చిప్ మీద కూడా చూడాలి కదా. ఒక చిప్ కంపెనీ వాళ్ళయితే బోర్డులు పంపిస్తామన్నారు, మెయిల్‌కి జవాబు కూడా లేదు. వాళ్ళ కంట్రోలర్ బైనరీ రూపంలోనే వస్తుంది, హెచ్‌సీఐ (హోస్ట్, కంట్రోలర్ మాట్లాడుకునే సరిహద్దు) దాటి లోపల ఏం జరుగుతోందో మనకి కనపడదు, మనం పంపిన లాగ్‌లు వాళ్ళు చూస్తే తప్ప వాళ్ళ చిప్ మీద వచ్చిన బగ్ కదలదు. మళ్ళీ రాశాం, ఎదురు చూస్తున్నాం.

హార్డ్‌వేర్ టెస్టింగ్ కన్వీనర్ పోస్టు ఖాళీగా ఉంది. వారానికి ఒక సాయంత్రం ఖచ్చితంగా ఇవ్వగలిగినవాళ్ళు సమావేశానికి ముందే నాకు పేరు చెప్పండి, ఎజెండాలో మొదటి అంశంగా అదే పెట్టాను.

ఇట్లు,
కార్యదర్శి