తెల్ల చందువ ఎందుకు ఆపేశానంటే

ఈ సోమవారం నుంచి మన కొట్లో తెల్ల చందువ ఉండదు. వేట నిషేధం అయిపోయే వరకు, అంటే జూన్ 14 దాకా, వాట్సాప్ లిస్టులో కూడా పెట్టను. ఆదివారం వస్తే చందువ తప్ప ఇంకోటి అడగని ఇళ్ళు మనకు చాలా ఉన్నాయి. వాళ్ళందరికీ కారణం చెప్పాలి. అది చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పాలి.

సంక్రాంతి దగ్గర్నుంచి మొన్నటి వరకు, దాదాపు ఆరు వారాలు, "విశాఖ బోటు చందువ" అని రాసి నేను మీకు అమ్మిన సరుకు విశాఖ బోటుది కాదు. నాకు తెలిసి చేసిన మోసం కాదు. కానీ గట్టిగా ఆరా తీసి తెలుసుకోవాల్సిన పని నాది, నేను తీయలేదు.

జరిగింది ఇది. పండగ తర్వాత హార్బర్లో చందువ బాగా తగ్గిపోయింది. ఏళ్ళ తరబడి నాకు సరుకు ఇస్తున్న ఒక వ్యాపారి ఫోన్ చేసి, పెట్టెలు ఉన్నాయి పంపమంటావా అన్నాడు. ఎక్కడివి అంటే "మన బోటే అప్పా, నీకు అబద్ధం చెప్తానా" అన్నాడు. చేప చూస్తే బాగుంది. మొప్పలు ఎర్రగా ఉన్నాయి, వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి లేస్తోంది. ఇంక నేనేమీ ఆలోచించలేదు.

ఫిబ్రవరిలో లాసన్స్ బే కాలనీ నుంచి ఒక రిటైర్డ్ టీచరుగారు, మనకు మొదటి రోజుల నుంచి ఉన్న కస్టమర్, కొట్టుకు వచ్చి "ఏ బోటమ్మా ఇది? సరంగు ఎవరు?" అని అడిగారు. సరంగు అంటే బోటు నడిపించే పెద్ద. పొద్దున బీచ్‌లో నడకకు వెళ్తే చచ్చిపోయిన తాబేళ్ళు కనిపిస్తున్నాయట, మనం తినే చేప ఎలా పడుతున్నారో తెలుసుకోవాలనిపించిందట. నాకు జవాబు రాలేదు. మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని పూర్ణా మార్కెట్ దాకా నడిచి అమ్మేది. ఆవిడను ఎవరైనా ఈ మాట అడిగితే సరంగు పేరే కాదు, ఎన్ని బారల లోతులో వల వేశాడో కూడా చెప్పేది. నాకు ఫ్రీజర్లు ఉన్నాయి, డెలివరీకి ఇద్దరు కుర్రాళ్ళు ఉన్నారు. ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేకపోయాను.

మర్నాడు తెల్లవారుజామున మూడున్నరకు హార్బర్‌కు వెళ్ళాను. ఆ పెట్టెలు జెట్టీ వైపు నుంచి రాలేదు, గేటు బయట ఆగిన వ్యాన్లోంచి దిగాయి. పెట్టెల మీద ఒడియా అక్షరాలు. మన బోట్లలో వేసేది దిమ్మ ఐసు, దంచి వేస్తారు, పెద్దా చిన్నా ముక్కలుగా ఉంటుంది. ఈ పెట్టెల్లో ఐసు అంతా ఒకే కొలతలో, మధ్యలో బొక్క ఉన్న గొట్టాల్లా ఉంది. డ్రైవర్ దాచలేదు పాపం. "ధామ్రా నుంచి" అన్నాడు. బిల్లు ఏదంటే ఐసు బిల్లు, డీజిల్ బిల్లు చూపించాడు. చేపకు కాగితం లేదు.

ధామ్రా అనగానే నాకు గుండె జారిపోయింది. ఎందుకో తెలియనివాళ్ళ కోసం చెప్తాను.

ధామ్రా ఒడిశాలో ఒక రేవు. దాని పక్కనే, కేంద్రపడా జిల్లా ముందున్న సముద్రం గహిర్మాత. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు లక్షల్లో ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టే చోటు, ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. 1997లో ఆ సముద్రాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. మొత్తం 1,435 చదరపు కిలోమీటర్లు, దాదాపు అంతా నీళ్ళే. దానికి తోడు ఏటా నవంబర్ 1 నుంచి మే 31 దాకా, ఏడు నెలలు, ధామ్రా, దేవి, రుషికుల్యా నదులు కలిసే చోట తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట కూడదని అక్కడి ప్రభుత్వం ఆపుతుంది. అటవీశాఖ, మెరైన్ పోలీసులు, కోస్ట్ గార్డ్ కలిసి కాపలా కాస్తారు. లోపల దొరికిన ట్రాలర్లను పట్టుకుంటారు, మనుషుల్ని అరెస్టు చేస్తారు. ఆలివ్ రిడ్లే మన వన్యప్రాణి చట్టం, 1972లో మొదటి షెడ్యూల్లో ఉంది. అంటే పులికి ఎంత రక్షణో దానికీ అంతే.

ఇప్పుడు అసలు మాట. నేను అమ్మిన చందువ ఆ గీత లోపల పట్టిందని అనలేను. బయట, చట్ట ప్రకారం పట్టిందని కూడా అనలేను. ధామ్రా నుంచి నిజాయితీగా వేటకెళ్ళే బోట్లు చాలా ఉంటాయి, వాళ్ళ మీద నింద వేయడం నా ఉద్దేశం కాదు. రాత్రి లైట్లు ఆర్పేసి లోపలికి వెళ్ళిన బోటు చేపా, ఇరవై కిలోమీటర్ల బయట కష్టపడిన బోటు చేపా రేవులో ఒకే పెట్టెలో పడతాయి. పడ్డాక గంగమ్మ తల్లి వచ్చినా విడదీయలేదు. నన్ను బాధపెట్టింది అదే. సముద్రంలో ఇంత కాపలా పెట్టి, ఒడ్డున ఒక్క కాగితం అడగకపోతే ఆ కాపలా సగం వృథా. కొనేదాన్ని నేనే కాబట్టి ఆ కాగితం అడగాల్సిన మొదటి మనిషినీ నేనే.

తాబేలు సంగతి మనకు దూరం కాదు. డిసెంబర్ నుంచి మార్చి వరకు ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఏ ఒడ్డున నడిచినా కనిపిస్తాయి. మొన్న పెదజాలరిపేట దగ్గర ఒకటి చూశాను. ఆడ తాబేలు, డిప్ప మీద నత్తలు అంటుకుని ఉన్నాయి, మెడ ఉబ్బి ఉంది, ఒంటి మీద ఎక్కడా గాయం లేదు. గాయం లేకుండా ఎలా చస్తుందని నాతో వచ్చిన కుర్రాడు అడిగాడు. తాబేలు కూడా మనలాగే గాలి పీల్చాలి, ఊపిరి కోసం పైకి రావాలి. ట్రాల్ వల గంటల తరబడి నీటి అడుగున ఈడుస్తారు. లోపల చిక్కుకుంటే ఊపిరాడక పోతుంది. దాని కడుపులో గుడ్లు ఉండే ఉంటాయి. మా అమ్మ ఇలాంటివి చూస్తే కూర్మనాథస్వామీ అని దండం పెట్టి, శ్రీకూర్మం వైపు తిరిగి ఒక్క నిమిషం నిలబడేది. నేనూ నిలబడ్డాను. ఆ రోజు ఇంటికొచ్చాక ఏమీ తినబుద్ధి కాలేదు.

దీనికి మందు లేకపోలేదు. వల మెడ దగ్గర ఏటవాలుగా ఒక చట్రం బిగించి, పక్కన కంత వదిలితే తాబేలు బయటికి పోతుంది, రొయ్యలు లోపలికి పోతాయి. టెడ్ అంటారు. మన నీళ్ళకు సరిపోయేలా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసింది కూడా. బోటు యజమానులు బిగించడానికి ఒప్పుకోరు, కంతలోంచి చేప కూడా పోతుందని. ఆ భయం నాకు అర్థమవుతుంది, డీజిల్ ఖర్చు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. కానీ ఆ చట్రం లేదనే కారణంతో అమెరికా 2019 నుంచి మన దేశపు సముద్రపు రొయ్య కొనడం మానేసింది. ఒక్కో ట్రిప్పులో కొన్ని కిలోలు పోతాయని చూసుకుంటే పెద్ద బజారే పోయింది.

మన రాష్ట్రం నిబంధనలు కూడా మీకు తెలియాలి. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా రాష్ట్ర ప్రభుత్వానిది, ఆ తర్వాత 200 నాటికల్ మైళ్ళ వరకు కేంద్రానిది. 1994 నాటి మన సముద్ర వేట నియంత్రణ చట్టం కింద మొదటి 8 కిలోమీటర్లు తెప్పలకీ చిన్న పడవలకీ వదలాలి, మరపడవలు రాకూడదు. రాసింది బాగానే ఉంది. అక్కడ నిలబడి చూసే మనిషి లేకపోతే ఏమవుతుందో 2022 జనవరిలో మనమే చూశాం. చేపల గుంపును చుట్టేసే రింగు వలలు ఎంత దూరంలో వేయాలన్న గొడవలో పెదజాలరిపేట, వాసవానిపాలెం వాళ్ళు సముద్రం మీదే తలపడ్డారు, పడవలు తగలబడ్డాయి. ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళే ఊళ్ళు అవి. ఆ వారం నాకు రెండు వైపుల నుంచీ ఫోన్లు వచ్చాయి, రెండు వైపులా ఏడుపే.

అందుకే కాపలా పెరగాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు దేశమంతా లక్ష బోట్లకు బిగించే పని 2024లో మొదలైంది. బోటు ఎక్కడుందో తెలుస్తుంది, ఆపద వస్తే సముద్రంలోంచి మెసేజ్ కూడా పంపొచ్చు. మా వాళ్ళలో కొందరు దాన్ని మెడకు గంట అంటారు. తుపాను రాత్రి భర్త ఎక్కడున్నాడో తెలియక రేవులో కూర్చున్న ఆడదాన్ని అడగండి, అది గంటో కాదో చెబుతుంది. మా పిన్ని అలా రెండు రాత్రులు కూర్చుంది.

ఒక్కటి మాత్రం పెద్దలకు విన్నవించుకుంటున్నాను. కాగితాలు అడగడం చిన్న తెప్పతో మొదలై అక్కడే ఆగిపోకూడదు. మా మావయ్య ఫైబర్ తెప్ప ఒడ్డుకు లాగగానే లైసెన్స్ ఏది, పడవకు వేయాల్సిన రంగు ఏది అని అడుగుతారు. లాంగ్ ట్రిప్ బోటు దించే టన్నుల సరుకు ఎక్కడ పట్టిందని అడిగినవాళ్ళను నేను చూడలేదు. ధామ్రా సంగతి తెలిశాక, చేప ఎక్కడ పట్టారో కొనేవాళ్ళకు చూపించే కాగితం ఏదైనా ఉంటుందా అని ఒక కార్యాలయానికి వెళ్ళి అడిగాను. మూడు టేబుళ్ళు తిరిగాను. ఆఖరి ఆయన మంచిగానే మాట్లాడి, "ఇలా అడగడానికి వచ్చిన కొట్టువాళ్ళు మీరే మొదలమ్మా" అన్నారు. మనం అడగకపోతే వాళ్ళు ఎందుకు ఇస్తారు అనిపించి బయటికొచ్చాను.

ఇక కొట్టు సంగతి. ఇక నుంచి సముద్రపు చేప ఏది కొన్నా బోటు రకం, సరంగు ఊరు, వల పేరు, రేవుకు వచ్చిన రోజు నాకు తెలిస్తేనే కొంటాను. అవి కౌంటర్ పక్కన నల్లబోర్డు మీద రాస్తాను. తెలియకపోతే ఆ చేప తీసుకోను. చందువ ఆపింది కూడా అందుకే. జూన్ 14 తర్వాత మనకు తెలిసిన బోటుకు ఎప్పుడైనా పడితే చెప్తాను, నాలుగైదు కిలోలకు మించి ఉండదు. కోనాం కూడా కిలో లోపు తీసుకోను, అవి ఇంకా పిల్లలు. ఆ వ్యాపారితో లెక్క తేల్చేశాను. గొడవ పడలేదు, ఆయన పిల్లలు నా కళ్ళ ముందు పెరిగినవాళ్ళు.

ధర కొంచెం పెరుగుతుంది. తెలిసిన బోట్ల దగ్గర వేలంపాటలోనే కొనాలి, చౌకగా దొరకదు. కోనాం మీద, నల్ల చందువ మీద తేడా కనిపిస్తుంది. కవ్వలు, నెత్తళ్ళు, కానాగంతలు, గులివిందలు మాత్రం పాత ధరకే ఇస్తాను. చిన్న చేపలు వండటం పిల్లలకు నచ్చదని చాలామంది అంటున్నారు. గులివిందలకు పసుపు, కారం, ఉప్పు పట్టించి, అరగంట ఆగి, పెనం మీద తక్కువ నూనెలో వేయించి పెట్టండి. ముల్లు తీసి ఇస్తే మా మనవడు ఆరు తింటాడు.

ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవలు, మోటారు పడవలు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రోజుల్లో "ఫ్రెష్ కోనాం" అని ఎవరైనా అమ్మితే ఎక్కడిదని అడగండి, నన్నయినా సరే. మన దగ్గర అప్పుడు ఇంజన్ లేని తెప్పల చేప, చెరువు పండుగప్ప, చెరువు రొయ్య, ఎండు నెత్తళ్ళు ఉంటాయి. చెరువుది అయితే చెరువుదనే రాస్తాను. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. రెండు నెలలు ఇల్లు గడవడానికి అది చాలదు. అందుకే ఎండుచేప మా పేట ఆడవాళ్ళ దగ్గరే కొంటున్నాను.

డబ్బు మాట. "విశాఖ బోటు" అని రాసినందుకు కిలోకు 60 రూపాయలు ఎక్కువ తీసుకున్నాను. జనవరి 16 నుంచి ఎవరు ఎంత కొన్నారో ఫోన్‌లో లెక్క ఉంది. ఈ ఆదివారం లోపు ఆ తేడా మీకు ఫోన్‌పే చేస్తాను. నగదు ఇచ్చి కొన్నవాళ్ళు వచ్చి చెప్పండి, బిల్లు అడగను. వద్దులే అని కొందరు అంటారని తెలుసు. దయచేసి తీసుకోండి, అది నాది కాదు.

టీచరుగారికి నిన్న ఇంటికెళ్ళి చెప్పాను. ఆవిడ చందువ బదులు కానాగంతలు రాయించుకున్నారు. రేపటి బోర్డు ఇది: కానాగంతలు, గులివిందలు, రెండూ మంగమారిపేట ఫైబర్ తెప్పవి, వల నిన్న రాత్రి వేశారు. పీతలు పది కిలోలే ఉన్నాయి. ఆరు గంటలకు కొట్టు తీస్తాను.