చంద్రమతి ఏడుపు వెనక వరుసకు వినపడాలి

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల క్రితం మీ జిల్లా పేజీలో మా పట్టణ కళాక్షేత్రంలో జరిగిన పద్యనాటక పోటీల వార్త వేశారు. పద్యనాటకానికి ఆదరణ తగ్గిందని, రెండో రోజు ప్రేక్షకులు సగం మంది మధ్యలోనే లేచి వెళ్లారని రాశారు. లేచి వెళ్లిన మాట నిజం. ఎందుకు వెళ్లారో మాత్రం రాయలేదు. వాళ్లకు నాటకం వినపడలేదు. ఆ రోజే రాయవలసింది. కోపంలో రాయవద్దని ఇంట్లో వాళ్లు ఆపారు. ఇన్ని రోజులైనా ఆ కోపం తగ్గలేదు కనుక రాస్తున్నాను.

నేను పద్నాలుగో వరుసలో కూర్చున్నాను. హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీను నడుస్తోంది. చంద్రమతి పాము కరిచి చనిపోయిన లోహితుణ్ణి ఒడిలో వేసుకుని నేల మీద కూర్చుంది. వేదిక మీద ఉన్నవి మూడు మైకులు, మూడూ స్టాండ్ల మీద, నిలబడ్డ మనిషి నోటి ఎత్తులో. ఆవిడకు అన్నిటికన్నా దగ్గరి మైకు ఐదడుగుల దూరంలో ఉంది. పద్యం ఎత్తుకుంది. పెదవులు కదలడం కనిపిస్తోంది. ముందు వరుసల్లో ఎవరో కళ్లు తుడుచుకుంటున్నారు. మా వరుసకు మాత్రం హార్మోనియం, తబలా తప్ప ఏమీ రావడం లేదు, వాటికి విడిగా మైకులు పెట్టారు మరి. రెండో పాదానికి వచ్చేసరికి ఆవిడ బిడ్డ శవాన్ని ఒడిలోంచి కిందికి దించి, లేచి, నాలుగడుగులు నడిచి, మైకు ముందు నిలబడి ఏడ్చింది. పాతికేళ్లుగా ఆ పాత్ర వేస్తున్న నటి. ఆవిడకు తెలియదా అక్కడ లేవకూడదని? లేవకపోతే వినపడదని కూడా తెలుసు. చూస్తున్న నాకు గుండె తరుక్కుపోయింది.

యుద్ధానికి ముందు సాయం కోరి అర్జునుడు, దుర్యోధనుడు కృష్ణుడి దగ్గరికి వచ్చే పడక సీనులోనూ ఇదే తంతు. కృష్ణుడు నిద్ర లేచి, పాన్పు మీదనే ఉండి, పాదాల వైపున్న అర్జునుణ్ణి, తల వైపున్న దుర్యోధనుణ్ణి పలకరించాలి. ఆ సీను అందమంతా అందులోనే ఉంది. మన వేదికల మీద కృష్ణుడు లేవగానే మంచం దిగి మైకు దగ్గరికి నడుస్తాడు. ఆయన వెనకే అర్జునుడు, ఆ వెనకే దుర్యోధనుడు. ముగ్గురూ ఒక స్టాండు చుట్టూ చేరి, ఒకరినొకరు చూసుకోకుండా జనం వైపు చూస్తూ పాడతారు. ఇరవై ఏళ్లుగా ఇదే చూస్తున్నాం.

అదే వార్తలో కళాక్షేత్రం అధికారి చెప్పిన మాట కూడా వేశారు. నటులు ఒంటికి పెట్టుకునే చిన్న మైకులు ఎనిమిది కొనాలంటే 6 లక్షలు కావాలని, నిధులు లేవని ఆయన అన్నారు. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. మా లెక్క నేను చెబుతాను. నేను 31 ఏళ్లు రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసి బతికినవాణ్ణి, మా నాటక సమాజంలో హార్మోనిస్టును. మూడేళ్ల క్రితం మా సమాజం ఎనిమిది మంది నటులకు చిన్న మైకులు సమకూర్చుకుంది. రెండేసి మైకుల కార్డ్‌లెస్ సెట్లు నాలుగు, ఒక్కోటి 5,500 రూపాయలు. వాటికి తగిలించే మైకులు, అదనంగా దాచుకున్న వాటితో కలిపి పన్నెండు, ఒక్కోటి 350 రూపాయలు. మొత్తం 26,200 రూపాయలు. చందాలు వేసుకుని కొన్నాం, రసీదులు నా దగ్గర ఉన్నాయి.

సెట్టుతో వచ్చే కాలర్ మైకు నాటకానికి పనికిరాదు. నల్లగా, లావుగా, క్లిప్పుతో ఉంటుంది. ఛాతీ మీద పెడితే హారాలు, భుజకీర్తులు తగిలి గరగర శబ్దం వస్తుంది. దానికి బదులు లోపల ఉండే అసలు ముక్కను వాడాలి. ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో కండెన్సర్ మైకు అని అడిగితే ఇస్తారు. కందిగింజంత ఉంటుంది. 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ కనిపెట్టిన రకం ఇది. టేప్ రికార్డర్లలో ఇలాంటివి నేను వందల సంఖ్యలో మార్చాను. దీనికి సన్నని షీల్డు వైరు అతికి, పైన సన్నటి గొట్టం తొడిగి, ముందున్న రంధ్రం పూడకుండా చర్మం రంగు పూస్తే చాలు, మూడో వరుస నుంచి కూడా కనపడదు. కొనేటప్పుడు నాలుగు వైపుల నుంచీ ఒకే విధంగా ధ్వని తీసుకునే రకమే అడగాలి. ఒకవైపు నుంచే తీసుకునేది అయితే కుయ్‌మనదని దుకాణదారులు అంటగడతారు. అది నోటికి సూటిగా ఉంటేనే పలుకుతుంది, విగ్గు కాస్త జరిగితే గొంతు మారిపోతుంది. పద్యం పాడేవారికి సెన్సిటివిటీ, అంటే చిన్న శబ్దాన్నీ పట్టే గుణం, తక్కువ ఉన్నదే మేలు. -35 డెసిబెల్స్ అని రాసి ఉన్నదాని కన్నా -44 అని ఉన్నది తీసుకోవాలి. దుర్యోధనుడు గొంతెత్తి తారస్థాయికి వెళితే మొదటిది చిట్లిపోతుంది.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. విగ్గు అంచు కింద, నుదుటి నడుమ. అక్కడి నుంచి నోటికి ఐదు అంగుళాలు. తల ఎటు తిప్పినా ఆ దూరం మారదు. దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వని 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఐదు అంగుళాలకూ స్టాండు మైకు ఐదడుగులకూ పన్నెండు రెట్లు తేడా, అంటే 20 డెసిబెల్స్ పైమాటే. ఆ లోటు పూడ్చడానికి ఆపరేటర్ వాల్యూమ్ పెంచితే మైకు కుయ్‌మంటుంది, తగ్గిస్తే చంద్రమతి వినపడదు. ఇందులో ఆ అబ్బాయి తప్పు ఏమీ లేదు.

చెమట ఒక్కటే పెద్ద శత్రువు. మొదటి ప్రదర్శనలోనే మా కృష్ణుడి నుదుటి నుంచి జారిన చెమట చుక్క రంధ్రంలో నిలిచి, రాయబారం నడుమ ఆయన గొంతు నూతిలోంచి వచ్చినట్టయింది. ఆ తర్వాత మైకుకు కాస్త పైన వైరును చిన్న ఉచ్చులా వంచి అతికించడం నేర్చుకున్నాం. వైరు వెంట దిగే చెమట ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతుంది. మైకు ధ్వనిని వైరు లేకుండా పంపే, నడుముకు కట్టే పెట్టెను పలుచని రబ్బరు తొడుగులో పెట్టి వడ్డాణం కింద దాస్తాం. ప్రతి ప్రదర్శనకూ కొత్త బ్యాటరీలు. పాతవి ఇంకా పనిచేస్తాయి కదా అని పొదుపు చేస్తే సరిగ్గా వన్స్ మోర్ పడే పద్యం దగ్గరే ఆగిపోతాయి.

కొనబోయే సమాజాల కోసం మరో రెండు మాటలు. సెట్ల ఫ్రీక్వెన్సీలు ఒకదానితో ఒకటి కలవకూడదు. మేము మొదట కొన్న రెండు సెట్లూ ఒకే ఫ్రీక్వెన్సీవి అయ్యాయి. రెండూ ఆన్ చేస్తే హోరు తప్ప ఏమీ లేదు, మళ్లీ వెళ్లి మార్చుకున్నాం. 700 మెగాహెర్ట్జ్ బ్యాండు పాత సెట్లు చవకగా వస్తున్నాయని కొనవద్దు. 2022లో జరిగిన స్పెక్ట్రమ్ వేలంతో ఆ బ్యాండు మొబైల్ సేవలకు వెళ్లిపోయింది. కుర్రవాళ్లు వీడియోలకు వాడే 2.4 గిగాహెర్ట్జ్ మైకులు ఇంట్లో బాగానే ఉంటాయి. అయిదు వందల ఫోన్లున్న హాలులో తెగిపోతాయి.

మైకుల్లేని రోజుల్లో బళ్లారి రాఘవ తరం వాళ్లు ఆడలేదా అని అడిగేవారు ప్రతిచోటా ఉంటారు. ఆడారు. అప్పుడు హార్మోనియానికి, తబలాకూ మైకు లేదు. హాలులో గోడకు పది ఫ్యాన్లు తిరగలేదు, బయట జనరేటర్ మోగలేదు. గోడలకు, నేలకు నున్నటి టైల్సు లేవు. మా కళాక్షేత్రానికి అడుగు నుంచి పైకప్పు దాకా టైల్సు వేశారు, చప్పట్లు కొడితే రెండుసార్లు వినపడతాయి. నాటకం ఆడేవాళ్లను ఒక్కరినైనా అడిగి కట్టి ఉంటే ఇలా కట్టేవారు కాదు. అది పెళ్లిళ్లకు అద్దెకివ్వడానికి కట్టిన హాలు, నాటకానికి పేరు మాత్రం పెట్టారు.

నిధులు లేవన్న మాట నేను నమ్మను. ముఖద్వారానికి కొత్త ఆర్చి కట్టారు, దానికి రంగురంగుల దీపాలు పెట్టారు. సన్మాన సభలో ప్రసంగించే బల్లకు రెండు మంచి మైకులు ఉన్నాయి, ఏ నాయకుడి మాటా వెనక వరుసకు వినపడకుండా పోలేదు. పోటీల రోజున ఆ సన్మానాలే గంటన్నర సాగాయి. నాటకానికి వచ్చేసరికి రాత్రి పదకొండు. మైకులు సరిచూసుకోవడానికి పది నిమిషాలు అడిగితే సమయం లేదన్నారు. మా మైకులు మేమే తెచ్చుకున్నాం, మైకులన్నీ కలిపి స్పీకర్లకు పంపే మీ మిక్సరుకు తగిలించండి చాలు అంటే ఆపరేటర్ ఒప్పుకోలేదు. బయటివాళ్ల వైర్లు తగిలిస్తే కాంట్రాక్టు పోతుందని అతని భయం. న్యాయనిర్ణేతలు ముందు వరుసలో కూర్చుని వాచికానికి, అంటే మాట, పద్యం పలికే తీరుకు, మార్కులు వేశారు. ఎనిమిదో వరుస తర్వాత కూర్చున్న వాళ్లకు ఆ వాచికం అందనే లేదు. సంస్కృతి పేరుతో ఏటా జరిగే ఈ కార్యక్రమాల్లో కళాకారుడి అవసరం ఏమిటని అడిగే అధికారి నాకు ఇంతవరకు కనపడలేదు. శాలువాలు కప్పడానికి మాత్రం పది మంది వస్తారు.

మేము అడుగుతున్నది ఆరు లక్షలు కాదు. కళాక్షేత్రం తరఫున ఎనిమిది చిన్న మైకుల సెట్టు ఒకటి కొని, ఊళ్లోని సమాజాలకు నామమాత్రపు అద్దెకు ఇవ్వండి. అది కుదరకపోతే మా మైకులను మిక్సరుకు తగిలించుకోనివ్వండి. ప్రదర్శనకు ముందు అరగంట హాలు మాకు వదలండి. మైకులన్నీ ఒకేసారి తెరిచి ఉంచితే హోరు పెరుగుతుంది, ఇద్దరు నటులు కౌగిలించుకున్నప్పుడు ఒక మైకు మూయాలి, అందుకని ఆపరేటర్ పక్కన నాటకం ప్రతితో మా మనిషి ఒకరు కూర్చోవడానికి అనుమతి ఇవ్వండి. మైకులు తయారు చేసుకోవాలనుకునే సమాజం ఏదైనా, ఏ ఆదివారమైనా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని నేను వస్తాను. డబ్బు తీసుకోను.

కందుకూరి వీరేశలింగం గారి జయంతి అయిన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈసారి ఆ రోజున మా సమాజం అదే హాలులో కాటి సీను వేస్తుంది, అనుమతి కోసం దరఖాస్తు ఇచ్చి పన్నెండు రోజులైంది. అనుమతి వస్తే మీ విలేకరిని దయచేసి మళ్లీ పంపండి. ముందు వరుసలో కుర్చీ వేస్తామంటారు, అక్కడ వద్దు. పద్నాలుగో వరుసలో కూర్చుని, చంద్రమతి లేవకుండా పాడిన పద్యంలో ఎన్ని పాదాలు వినపడ్డాయో రాయమనండి.

— పద్యనాటక సమాజ హార్మోనిస్టు, గుంటూరు జిల్లా